బట్టలుదుకు యంత్రము నీరు విడువకున్నను, పిండకున్నను

బట్టలుదుకు యంత్రము తనలోని మురికినీటిని విడువక నిలిచిపోయినప్పుడును, ఉదికిన బట్టలను పిండక తడిముద్దలుగా అప్పగించినప్పుడును, ఇంటివారు సాధారణముగా "మోటారు పోయినది" అని తీర్మానింతురు. ఈ తీర్మానము తఱచుగా సరికాదు. మోటారు యంత్రమునందు మిక్కిలి వెలగల భాగములలో నొకటి. అది అంత సులభముగా చెడునది కాదు. ముందుగా చెడునవి, లేక మూసికొనిపోవునవి, దానికి చుట్టునున్న చిన్న వస్తువులు: గొట్టము, జల్లెడ, రబ్బరు బిరడా, మూతక్రింది స్విచ్చి మొదలైనవి. మే మీ వ్యాసమున చెప్పదలచినది ముఖ్యముగా నొక్కటే. పిండకుండుట యనునది పెక్కుమాఱులు ప్రత్యేకమైన జబ్బు కాదు. నీరు పోకుండుట యను జబ్బునకు అది పైకి కనబడు లక్షణము. కావున పిండని యంత్రమును పరీక్షించువాడు మొదట నీటిని గూర్చి అడుగవలెను. మోటారును గూర్చి కట్టకడపట అడుగవలెను.

ఇట్లేల యని తెలియుటకు యంత్రము బట్టలను పిండు విధమును కొంచెము విచారింతము. చేతితో పిండునప్పుడు మనము బట్టను మెలిపెట్టి, నూలుపోగుల నడుమనున్న నీటిని నొక్కి వెడలగొట్టుదుము. రేవునందు ఇద్దఱు మనుష్యులు దుప్పటి రెండు కొసలను పట్టుకొని ఎదురెదురుగా మెలిపెట్టుటను మీరు చూచియే యుందురు. యంత్రము మెలిపెట్టదు, త్రిప్పును. చిల్లులుగల బుట్టలో తడిబట్టలనుంచి వేగముగా త్రిప్పినచో, బట్టలు బుట్టగోడకు అంటుకొని దానితో కూడ తిరుగును. ఏలయనగా గోడ వానిని క్షణక్షణమును కేంద్రమువైపు నెట్టుచుండును. చిల్లులకెదురుగా నున్న నీటిని అట్లు నెట్టుటకు అచ్చట గోడ లేదు. అందుచేత ఆ నీరు తన జడత్వమునుబట్టి స్పర్శరేఖ వెంబడి తిన్నగా వెలుపలి తొట్టిలోనికి పోవును. తడిసిన గొడుగును గిఱ్ఱున త్రిప్పినప్పుడు దాని అంచునుండి చినుకు లెగిరిపోవుటయు నిట్టిదే.

దీని బలమెంతయో లెక్క వేసి చూతము. బుట్ట వ్యాసార్ధము 25 సెంటీమీటర్లు, వేగము నిమిషమునకు 1,000 చుట్లు అనుకొందము. కోణీయవేగము సెకనునకు సుమారు 104.7 రేడియనులగును. దాని వర్గమును వ్యాసార్ధముచేత గుణించినచో త్వరణము సెకను వర్గమునకు సుమారు 2,740 మీటర్లు వచ్చును. ఇది భూమ్యాకర్షణ త్వరణమునకు 280 రెట్లు. అనగా బట్టలోనున్న ప్రతి నీటిబొట్టును, తన బరువునకు 280 రెట్లు బరువుగలదైనట్లు గోడవైపు ఒత్తుకొని పోవును. రెండు తొట్ల యంత్రములోని పిండు బుట్ట చిన్నదే. కాని 12 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల బుట్ట నిమిషమునకు 1,400 చుట్లు తిరిగినను ఫలము దాదాపు అంతియే యగును. పదవ తరగతివారు ఈ రెండవ లెక్కను తామే చేసి చూడవచ్చును.

ఇంతటి వేగముతో తిరుగవలసిన బుట్ట యొక్క అడుగుభాగము నీటిలో మునిగియున్నదనుకొనుడు. మోకాలిలోతు కాలువలో నడచువాడు పరుగెత్తగలడా? బుట్టయు నట్లే నీటిని చిలుకుచు, వేగము పుంజుకొనలేక, మోటారును వేడెక్కించును. ఈ హాని కలుగకుండుటకే పూర్తిగా స్వయముగా పనిచేయు యంత్రములు, తొట్టి ఖాళీ అయినదని తమకు రుజువు దొరకువఱకు పిండుట కుపక్రమింపవు. కాబట్టి అట్టి యంత్రము పిండకుండ ఊరకుండుట చెడిపోవుట కాదు. తన్ను తాను కాపాడుకొనుట.

ఆ రుజువు యంత్రమునకు ఎట్లు దొరకును? తొట్టి అడుగున నొక చిన్న గాలిగది యుండును. దానినుండి సన్నని గొట్టమొకటి పైకి పోయి, పీడనమును కొలుచు పరికరమునకు తగులుకొనియుండును. తొట్టిలో నీరు పెరిగిన కొలది గాలిగదిలోని గాలి నొక్కబడును. నీరు 30 సెంటీమీటర్ల యెత్తున నిలిచినచో ఆ గాలి పీడనము సుమారు 2,900 పాస్కళ్లు హెచ్చును. ఇది మన చుట్టునున్న వాతావరణ పీడనములో నూటికి మూడు పాళ్లైనను కాదు. అయినను పరికరము దానిని గుర్తించును. ఇంత సున్నితమైన ఏర్పాటు గనుకనే ఆ సన్నని గొట్టములో సబ్బుమడ్డి చేరినను, గొట్టము వంగి నలిగినను, తొట్టి నిజముగా ఖాళీగా నున్నప్పుడు కూడ "నీరున్నది" అని తప్పుడు వార్త పోవును. అట్టి యంత్రమున నీరుండదు, పంపు మాత్రము ఆగక మ్రోగుచుండును, బుట్ట తిరుగదు. ఈ మూడు గుర్తులును కలిసి కనబడినచో మోటారును విడిచి ఆ సన్నగొట్టమును అనుమానింపవలెను.

పరీక్షకు పూనుకొనుటకు ముందు కొన్ని జాగ్రత్తలు చెప్పక విడువరాదు. స్విచ్చి ఆర్పుట చాలదు. ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి యంత్రమును ముట్టరాదు. వేడినీటితో ఉదుకుచుండగా ఆగిపోయిన యంత్రమును నీరు చల్లారకముందు తెఱవరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ మోటారు ప్రక్కనుండు కెపాసిటరునందు విద్యుత్తు కొంతకాలము నిలిచియుండవచ్చును. కావున వెనుకపలకను విప్పినను దాని తీగలను పిల్లలు వ్రేలితో తాకరాదు. తిరుగుచున్న బుట్టలో చేయి పెట్టుట మఱింత ప్రమాదకరము. తడిబట్ట వ్రేళ్లకు చుట్టుకొనినచో చేతిని వెనుకకు తీసికొనుటకు కాలముండదు. రెండు తొట్ల యంత్రమున పిండు తొట్టి మూత యెత్తగానే బ్రేకు పడి బుట్ట కొద్ది సెకనులలో ఆగవలెను. మూత యెత్తిన తరువాతను అది చాలసేపు తిరుగుచున్నచో, మిగిలిన లోపములను తరువాత చూచుకొనవచ్చును. ఆ బ్రేకును మాత్రము ముందు బాగుచేయించి గాని యంత్రమును వాడరాదు.

ఇక పరీక్షలన్నింటిలో ముఖ్యమైనది, ఖర్చులేనిది, ఎవ్వరైనను చేయదగినది యొకటి కలదు. నీరు నిలిచిన యంత్రములోని నీటిని చెంబుతో తోడి పాఱబోయుడు. ముందుతలుపుగల యంత్రమైనచో క్రింద నుండు చిన్న గొట్టముగుండ పళ్లెములోనికి వదలుడు. తొట్టి ఖాళీ అయిన పిమ్మట, బట్టలేమియు లేకుండ, పిండు పని నొక్కదానినే యెన్నుకొని నడపుడు. బుట్ట చక్కగా వేగమందుకొని తిరిగినచో మోటారు, బెల్టు, మూతస్విచ్చి అన్నియు నిర్దోషములు. దోషము నీరు పోవు మార్గములోనే కలదు. ఖాళీగా నున్నను తిరుగకున్నచో అప్పుడు రెండవ ప్రక్కను వెదుకవలెను. ఈ ఒక్క పరీక్ష చేయకుండ భాగములు మార్చుట, జ్వరము చూడకుండ మందిచ్చుట వంటిది. అయితే పైమూతగల కొన్ని యంత్రములందు ఈ పరీక్షకు ఒక మినహాయింపు కలదు. దానిని ముందు చెప్పుదుము.

నీరు పోవు మార్గము అన్ని యంత్రములయందును ఒక్క తీరుగా లేదు. రెండు తొట్ల యంత్రమున పంపు లేదు. మీట త్రిప్పగా నొక పట్టీ పైకి లాగబడి, తొట్టి అడుగుననున్న రబ్బరు బిరడా లేచును. నీరు తన బరువుచేతనే క్రిందికి పోవును. కాబట్టి దాని గొట్టము నేలమీద వాలుగా పడియుండవలెను. స్నానపుగది గడపమీదుగా ఎక్కించినను, బకెట్టు అంచుమీద పెట్టినను నీరు నిలిచిపోవును. ఇది లోపము కాదు. నీరు ఎత్తునకు ప్రాకదను సామాన్య ధర్మమే. మా యెఱుకలో అనేక గృహములయందు ఈ యంత్రమునకు చెప్పబడు ఫిర్యాదు గొట్టమును నేలకు దించుటతోనే తీరిపోయినది. గొట్టము సరిగానున్నను నీరు పోకున్నచో, మీట త్రిప్పినప్పుడు పట్టీ లాగబడుచున్నదా, లేక తెగి వ్రేలాడుచున్నదా చూడవలెను. బిరడా క్రింద బొత్తామో, చిల్లరనాణెమో, దారపుముద్దయో పడియుండవచ్చును. అట్టిది బిరడాను మూసికొననీయకున్నచో విపరీతముగా, నింపిన నీరు నిలువకనే కారిపోవును.

ఈ యంత్రమునందు మఱియొక సంగతి గమనింపదగినది. ఉదుకు తొట్టికిని పిండు తొట్టికిని సాధారణముగా వెలుపలికి పోవు గొట్టమొక్కటే. ఆ గొట్టము మూసికొనిపోయినచో ఉదుకు తొట్టి నీరు వెనుకకు తన్ని పిండు తొట్టి అడుగున చేరును. అప్పుడు పిండు బుట్ట నీటిలో కూరుకొని, మూలుగుచు మెల్లగా కదలును. దానిని చూచినవాడు మోటారు బలము తగ్గినదనుకొనును. బుట్టను ప్రక్కకు వంచి క్రిందికి తొంగిచూచినచో మెఱయుచున్న నీరు కనబడును.

పైమూతగల స్వయంచాలక యంత్రములందు చాలవానిలో నీటి ద్వారమును చిన్న మోటారొకటి లాగి తెఱచును. ఆ లాగుటతోనే మఱియొక పనియు జరుగును: ఉదుకునప్పుడు నిలిచియుండిన బుట్ట బ్రేకు వదలి, తిరుగుటకు మోటారుతో జతపడును. ఒక్క లాగుటకు రెండు పనులు. ఇదియే మే మింతకుముందు చెప్పిన మినహాయింపు. ఆ చిన్న మోటారు చెడినచో నీరును పోదు, ఖాళీ చేసినను బుట్టయు తిరుగదు. కావున ఈ జాతి యంత్రము ఖాళీగానున్నప్పుడు కూడ తిరుగకున్నచో పెద్దమోటారు పోయినదని వెంటనే అనుకొనరాదు. నీరు విడుచు సమయమున యంత్రము వెనుక అడుగుభాగమున చెవియొగ్గి వినవలెను. మెల్లని గుఱ్ఱుమను శబ్దముతో తీగ లాగబడుట వినబడవలెను. ఆ శబ్దమే లేకున్నచో దోషమచ్చటనే యుండుట సంభవము. దాని వెల పెద్దమోటారు వెలకంటె మిక్కిలి తక్కువ.

మా బాలికల వసతిగృహమునందలి యంత్రము ఈ జాతిదే. ఆదివారపు ఆరాధనకు తెల్లని దుస్తులు కావలసియుండగా నొక శనివారమున అది నీటితో నిండి నిలిచిపోయినది. వచ్చిన మెకానిక్కు పైనుండి చూచి, మోటారు మార్చవలెననియు, మూడువేల అయిదువందల రూపాయలగుననియు చెప్పి పోయెను. పదవ తరగతి బాలికలు నలుగురు నీరు తోడి, పైని చెప్పిన పరీక్ష చేసిరి. ఖాళీబుట్ట చక్కగా తిరిగెను. పిమ్మట గొట్టమును ఊడదీసి దానిలో నీరు పోసి చూడగా అది నిరాటంకముగా పాఱెను. ఇక మిగిలినది తొట్టికిని గొట్టమునకును నడుమనున్న ద్వారము. ప్లగ్గు తీయించి, పాఠశాల పనివాడు వెనుకపలక విప్పి ద్వారపు మూతను త్రిప్పగా, తలవెండ్రుకలతో పెనవేసికొనిపోయిన ఎఱ్ఱని జడరిబ్బను మూరెడు బయటకు వచ్చెను. మోటారునకు చెప్పిన సొమ్ము ఆ సంవత్సరము ఇద్దఱు బాలికల పరీక్షరుసుమునకును పుస్తకములకును సరిపోయెను. ఆ మెకానిక్కు దురుద్దేశము గలవాడని మేమనము. లక్షణమును చూచెను, కారణము వఱకు పోలేదు, అంతియే.

ముందుతలుపుగల యంత్రములయందు నీటిని పంపు ఎత్తి పోయును. ఆ పంపునకు ముందు, యంత్రము క్రిందిభాగమున చిన్న తలుపు వెనుక, త్రిప్పి తీయదగిన జల్లెడ యొకటి యుండును. దీనిని ఫిల్టరందురు. యంత్రము కొన్న నాటినుండి దానినొకసారియు తీయనివారు కలరు; అట్టిదొకటి యున్నదని యెఱుగనివారును కలరు. చిన్న తలుపు తెఱచి, వెడల్పైన పళ్లెము క్రింద పెట్టి, ప్రక్కనున్న సన్న గొట్టపు బిరడా తీసి నీరంతయు ఓపికతో వదలవలెను. తరువాతనే జల్లెడను ఎడమవైపునకు మెల్లగా త్రిప్పవలెను. ముందే త్రిప్పినచో గది నిండును. దానిలో తలపిన్నులు, నాణెములు, బొత్తాములు, పసిపిల్లల మేజోళ్లు, నూలుచెత్త దొరకును. జల్లెడ తీసిన రంధ్రములోనికి దీపము వేసి చూచినచో పంపు రెక్కలు కనబడును. వానిని కఱ్ఱపుల్లతో త్రిప్పుడు. అవి నునుపుగా తిరుగక, ఆగియాగి గంతులువేయుచున్నట్లు తిరుగును. ఇది చూచి పంపు పట్టుకొనిపోయినదని భయపడవలదు. లోపల అయస్కాంతముండుటచేత అట్లు తిరుగుట దానికి స్వభావము. రెక్కలు బొత్తిగా కదలకున్నను, లేక ఏ అడ్డును లేక గాలిచక్రమువలె ఊరక తిరిగిపోయినను దోషము. మొదటిదానికి అడ్డుపడిన వస్తువును తీయవలెను. రెండవది రెక్కలు ఇరుసునుండి ఊడిన గుర్తు గనుక పంపు మార్చవలెను.

పంపుగల యంత్రమునకు గొట్టపు ధర్మము రెండు తొట్ల యంత్రమునకు సరిగా వ్యతిరేకము. దాని కొసను నేలమీద పడవేయరాదు. నేలనుండి సుమారు 60 మొదలు 100 సెంటీమీటర్ల ఎత్తున కట్టవలెను. మిక్కిలి యెత్తైనచో పంపునకు శక్తి చాలదు. మిక్కిలి క్రిందనైనచో సైఫను ఏర్పడి, నింపుచున్న నీరు నింపుచుండగనే జాఱిపోవును. గోడలోని గొట్టములోనికి దీనిని మూరెడు లోతునకు దూర్చి, చుట్టును గుడ్డ కుక్కినను ఇదే చిక్కు వచ్చును, గాలికి సందుండవలెను. సైఫనును గూర్చి తొమ్మిదవ తరగతిలో చదివినవారికి దీని కారణము వేఱుగా చెప్పనక్కఱలేదు.

పంపు బలమును కొలుచుటకు బకెట్టు చాలును. గొట్టపు కొసను దాని యెత్తు తగ్గింపకుండ 10 లీటర్ల బకెట్టు మీదికి త్రిప్పి, నీరు విడుచునట్లు చేసి గడియారము చూడవలెను. మంచి పంపు దానిని నిమిషము లోపలనే నింపును. రెండు మూడు నిమిషములు పట్టినచో మార్గములో ఎచ్చటనో ఇఱుకు కలదు. నీరు పెట్టెకడ బాగుగా వచ్చి, గోడగొట్టములో పెట్టినప్పుడు మాత్రము నిలిచినచో యంత్రము నిర్దోషి. ఇంటి మురుగుగొట్టము మూసికొనిపోయినది. మెకానిక్కును గాక కొళాయిపనివానిని పిలువవలెను.

నురుగును గూర్చి యొకమాట. చేతితో ఉదుకుటకు చేయబడిన పొడిని ముందుతలుపు యంత్రమున వేసినచో తొట్టియంతయు నురుగుతో నిండును. పంపు నీటిని తోయగలదు గాని నురుగును తోయలేదు. గాలితో కలిసి రెక్కలు వట్టిగా తిరుగును. బుట్టకును తొట్టికిని నడుమ నిండిన నురుగు బ్రేకువలె పట్టుకొనును. అద్దపు తలుపులో తెల్లనినురుగు తప్ప మఱేమియు కనబడనప్పుడు యంత్రమును గంటసేపు ఆపి, పొడిలేక వట్టినీటితో జాడించి చూడవలెను. ఉప్పునీటి బోరులుగల ఊళ్లలో సబ్బు బాగుగా నురుగక, చేతితో ఉదుకువారు ఎక్కువ వేయుట అలవాటు. ఆ అలవాటునే యంత్రమునకును అంటగట్టుదురు. అచ్చటి జల్లెడలపై తెల్లని సున్నపుపొర కట్టుట మేము చూచితిమి.

నీరు చక్కగా పోయి, తొట్టి ఖాళీయైనను పిండకున్నచో ఇక రెండవ ప్రక్కకు రావచ్చును. ఇచ్చటను మోటారునకు ముందు బరువును విచారింపవలెను. ఒక్క తువాలును గాని, ఒక్క బరువైన దుప్పటిని గాని వేసినప్పుడు అది బుట్టలో నొకవైపునకే చేరును. 25 సెంటీమీటర్ల వ్యాసార్ధమున అర కిలోగ్రాము తడిగుడ్డ యొకవైపు అధికముగా నున్నదనుకొందము. నిమిషమునకు 1,000 చుట్లవద్ద అది బుట్టను సుమారు 1,370 న్యూటనుల బలముతో ప్రక్కకు లాగును. అనగా 140 కిలోగ్రాముల బరువుతో సమానము. ఆ లాగుడు దిక్కు సెకనునకు దాదాపు 17 మాఱులు చుట్టివచ్చును. 1937లో అమెరికాదేశమున బెండిక్స్ సంస్థ విక్రయించిన స్వయంచాలక గృహయంత్రమును ఈ కుదుపుచేతనే నేలకు మేకులతో బిగింపవలసివచ్చెను. నేటి యంత్రములు వేఱొక ఉపాయము పన్నినవి. పైని చెప్పిన వ్యాసార్ధమున బుట్ట నిమిషమునకు 60 చుట్లు మించినచో బట్టలు గోడకంటుకొని జాఱకుండును. యంత్రము అంతకు కొంచెము హెచ్చువేగమున త్రిప్పి, బుట్ట ఎగుడుదిగుడుగా తిరుగుచున్నదేమో పరీక్షించును. తిరిగినచో ఆపి, బట్టలను కదలించి, మరల ప్రయత్నించును. కొన్ని ప్రయత్నముల పిమ్మట విసిగినట్లు ఊరకుండును. ఎల్‌జీ యంత్రములు ఇట్టి సమయమున "యూఈ" అను గుర్తును, నీరు పోనప్పుడు "ఓఈ" అను గుర్తును చూపును. ఈ రెండింటి భేద మెఱిగినవారికి సగము పని తీరినట్లే. ఒక్క తువాలునకు తోడుగా మఱి నాలుగు బట్టలు వేయుటయే దీనికి మందు.

యంత్రము నాలుగు కాళ్లును నేలకు సమముగా ఆనవలెను. మూలలపై చేతితో నొక్కి, ఊగుచున్న కాలి మరను త్రిప్పి సరిచేయవచ్చును. క్రొత్తగా వచ్చిన ముందుతలుపు యంత్రము పిండునప్పుడు గది దద్దరిల్లునట్లు ఎగిరినచో, ప్రయాణమునకై వెనుక బిగించిన పెద్ద బోల్టులను తీసిరో లేదో చూడుడు. పాతబడిన పైమూత యంత్రమున తొట్టిని వ్రేలాడదీయు నాలుగు కడ్డీలలో నొకటి బలహీనపడినను బుట్ట పెట్టెకు కొట్టుకొని ఆగును.

రెండు తొట్ల యంత్రమున పిండు బట్టలపైన నుంచవలసిన చిల్లుల పళ్లెమును చాలమంది పాఱవేయుదురు. అది లేకున్నచో రుమాలువంటి చిన్నగుడ్డ పైకెగిరి, బుట్టకును తొట్టికిని నడుమ పడి, అడుగున ఇరుసునకు చుట్టుకొనును. అప్పుడు మోటారు గుయ్యిమనును గాని తిరుగదు. గుయ్యిమని తిరుగకుండుటకు కారణములు నాలుగు: ఇరుసున గుడ్డ, వదలని బ్రేకు, బలము తగ్గిన కెపాసిటరు, ఇంటికి వచ్చు విద్యుత్తు తక్కువగుట. మొదట గుడ్డను చూడవలెను. కడపటిదానిని గూర్చి పల్లెలవారు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. ఇట్టి మోటారు తిరుగనారంభించు బలము వోల్టుల వర్గమునుబట్టి యుండును. 230 వోల్టులు రావలసినచోట సాయంకాలము 180 వోల్టులే వచ్చినచో ఆ బలము నూటికి 61 పాళ్లకు దిగును. తెల్లవాఱుజామున తిరిగి సాయంకాలమున తిరుగని యంత్రమును ఎవ్వరును విప్పనక్కఱలేదు.

గుయ్యిమను శబ్దము కూడ లేకున్నచో మూతక్రింది స్విచ్చిని, పిండు సమయమును చూపు మరను అనుమానింపవచ్చును. మోటారు తిరుగు శబ్దము వినబడి బుట్ట మాత్రము కదలకున్నచో, లేక కాలిన రబ్బరు వాసన వచ్చినచో, బెల్టు సాగినదో తెగినదో యగును. పాత ముందుతలుపు యంత్రములలో కార్బన్ బ్రష్షులు అరిగినచో ఉదుకునప్పుడు తిరుగును గాని పిండు వేగమునందుకొనలేదు. బ్రష్షులు మార్చుట మోటారు మార్చుట కాదని గుర్తుంచుకొనవలెను. బెల్టులేక నేరుగా తిరుగు క్రొత్తమోటారులకు బ్రష్షులు లేవు. వానిని నడపు విద్యుత్పలక చెడినచో అది నేర్పరి పని.

ఇంతవఱకు చూచిన పిమ్మటను యంత్రము దారికి రాకున్నచో మెకానిక్కును తప్పక పిలువవలెను. అతనితో "పనిచేయుట లేదు" అని మాత్రము చెప్పక, నాలుగు సంగతులు కాగితముపై వ్రాసి యీయవలెను: ఆగినప్పుడు తొట్టిలో నీరున్నదా, ఖాళీగా నడపినచో బుట్ట తిరిగినదా, ఏమి శబ్దము, ఎచ్చటనుండి వినబడినది, పలకపై ఏ గుర్తు కనబడినది. మంచి పనివాడు ఆ కాగితమును చూచి సంతోషించును. ఏదైన భాగము మార్చినచో పాతదానిని ఇంటియొద్దనే విడిచిపొమ్మని అడుగుటలో తప్పులేదు. అతడు వెడలకముందు అతని యెదుటనే బకెట్టు పరీక్ష నొకసారి చేసి, తడిబట్టలతో పిండించి చూడవలెను.